పరదేశి సైకిలు



గత నెల మాకొక ఉత్తరం వచ్చింది. గోదావరి ప్రాంతపు పల్లె నుండి ఒక తల్లి రాసింది. "అయ్యగారూ, మా పెద్దమ్మాయికి హాలెండులో చదువుకు సీటు వచ్చింది. అక్కడ చిన్నా పెద్దా అందరూ సైకిలు మీదే తిరుగుతారట. మా పిల్లకు సైకిలు రాదు. ఆడపిల్లకెందుకులే అని మేమే నేర్పలేదు. బస్సులో వెళ్తే సరిపోదా? మీరు ఆ దేశంలో ఉండి వచ్చారు కదా, చెప్పండి" అని అడిగింది.

నాలుగు మాటల్లో జవాబు రాద్దామని కూర్చున్నాము. కాని ఆ ప్రశ్న మా సంగతులు రెంటిని తవ్వి పైకి తీసింది. ఒకటి మా వలన జరిగిన ప్రమాదం. రెండవది మా ఇల్లాలి యెడల మేము చేసిన పొరపాటు. ఆ రెంటినీ దాచిపెట్టి జవాబు చెబితే అది సగం జవాబే అవుతుంది. అందుకే ఈ నెల ఈ పేజీ నిండా ఆ తల్లికే రాస్తున్నాము. పిల్లలను పరదేశానికి పంపే తల్లిదండ్రులందరూ చదవండి.

మాకు సైకిలు కొత్త కాదు. పదేళ్ళ వయసులో కడ్డీ కింద నుండి కాలు పెట్టి తొక్కడం నేర్చినవారము. పరిచర్యలోకి వచ్చాక పదిహేనేళ్ళు కాలువ గట్ల వెంట, బురదలోను ఎండలోను, నాలుగు పేటలూ సైకిలు మీదే తిరిగాము. ముందు కడ్డీ మీద పిల్లవాడు, వెనుక క్యారియరు మీద బియ్యం మూట ఉన్నా హ్యాండిలు వణికేది కాదు. 2019 ఫిబ్రవరిలో అక్కడి సంఘమొకటి పిలిస్తే, మా ఇల్లాలినీ ఏడేళ్ళ మా అబ్బాయినీ వెంటబెట్టుకుని పది నెలల కోసం నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ పట్టణానికి వెళ్ళాము. అక్కడ సైకిలే దిక్కని విన్నప్పుడు, "అదొక్కటీ మాకు ఎవరూ నేర్పనక్కర లేదు" అని నవ్వుకున్నాము.

ఆ దేశం మన డెల్టా లాగే బల్లపరుపుగా ఉంటుంది. ఎటు చూసినా కాలువలు, గట్లు, పచ్చిక. జనం 1 కోటి 80 లక్షలకు దగ్గర. సైకిళ్ళు సుమారు 2 కోట్ల 30 లక్షలు. అంటే మనుషుల కంటే సైకిళ్ళే ఎక్కువ. సైకిళ్ళ కోసమే వేరుగా వేసిన దారులు దేశమంతటా దాదాపు 35,000 కిలోమీటర్లు ఉన్నాయి. చాలాచోట్ల అవి ఎర్రని తారుతో ఉంటాయి. ఉట్రెక్ట్ రైలు స్టేషను కింద 12,500 సైకిళ్ళు పెట్టుకునే స్టాండు ఉంది. అది పూర్తిగా తెరిచింది మేమున్న 2019 ఆగస్టులోనే. మొదటి 24 గంటలు డబ్బు కట్టనక్కర లేదు. డాక్టరైనా, కూలివాడైనా, సూటు వేసుకున్న ఆఫీసరైనా, నిండు గర్భిణి అయినా సైకిలు మీదే. మన దగ్గర సైకిలు లేమికి గుర్తు. మోటారు సైకిలు కొనగానే దాన్ని మూల పడేస్తాము. అక్కడ ఎవరూ సైకిలును బట్టి మనిషి అంతస్తును లెక్కగట్టరు. కొత్తగా వెళ్ళినవాడి మనసుకు ఇది పెద్ద ఊరట.

సంఘపు పెద్దొకాయన మాకొక పాత సైకిలు ఇప్పించారు. చూస్తే మన పాత అట్లాస్ సైకిలు అన్నలా ఉంది. నిటారుగా కూర్చుని తొక్కేది, బరువైనది, గొలుసుకు నిండుగా డబ్బా కప్పినది. అయితే హ్యాండిలు మీద బ్రేకులు లేవు. పెడలును వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. మనకేమో తొక్కడం ఆపినప్పుడు కాలు ఊరికే వెనక్కి తిప్పడం అలవాటు. మొదటి రోజున అలా తిప్పి, నడిరోడ్డు మీద ఠక్కున ఆగి, వెనుక వచ్చేవారి చేత చీవాట్లు తిన్నాము. పైగా మనం ఎడమ పక్కన పోయేవారము, వారు కుడి పక్కన పోతారు. రెండు వారాలకు కుదురుకున్నామనుకున్నాము. ఆ అనుకోవడమే మా కొంప ముంచింది.

మార్చి రెండవ వారంలో ఒక ఉదయం మేము చిన్న వీధిలో నుండి పెద్ద సైకిలు దారిలోకి వస్తున్నాము. నేల మీద తెల్లని త్రిభుజాలు వరుసగా వేసి ఉన్నాయి. అవేవో అలంకారమనుకున్నాము. మన దేశంలో రోడ్డు దాటేటప్పుడు మొదట కుడి వైపు చూస్తాము, ఎందుకంటే దగ్గర బండి వచ్చేది అటు నుండే. ఆ ఉదయం కూడా మా తల దానంతట అదే కుడికి తిరిగింది. అక్కడ దగ్గర బండి వచ్చేది ఎడమ నుండి. ఎడమ నుండి ఒక పెద్దావిడ సైకిలు మీద వస్తోంది. కనబడేసరికే ఆలస్యమైంది. మా చేతులు బ్రేకు కోసం హ్యాండిలును పట్టి నొక్కాయి, అక్కడ బ్రేకు లేదు. కాలితో వెనక్కి తొక్కాలన్న మాట ఆ క్షణంలో తోచలేదు. ఆమె పక్కకు పడిపోయింది. కళ్ళజోడు విరిగింది, మణికట్టు ఎముక విరిగింది. వయసు 74 సంవత్సరాలు.

మాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మన ఊళ్ళో అయితే ఈపాటికి జనం మూగి నాలుగు తగిలించేవారు. అక్కడ ఇద్దరు ఆగారు. ఒకరు అంబులెన్సుకు ఫోను చేశారు, ఒకరు ఆమె భుజం మీద కోటు కప్పారు. ఆమె మమ్మల్ని తిట్టలేదు. నేల మీద కూర్చుని, ఇంగ్లీషులో, నొప్పితో పళ్ళు బిగించి ఒక్క మాట అడిగింది. "నీకు సైకిలు తొక్కడం వచ్చు, మా దారి రాదు. ఎవరూ నేర్పలేదా?"

ఎవరూ నేర్పలేదని చెప్పవచ్చు. కాని నేర్పుతామని సంఘపు పెద్ద మొదటి వారమే అన్నారు. మేమే అక్కరలేదన్నాము.

ఆమె వైద్యం ఖర్చును ఆమె ఆరోగ్య బీమా చూసుకుంది. కళ్ళజోడు, వంగిన సైకిలు వంటి నష్టాలకు అక్కడ వేరే బీమా ఒకటుంది. మన వలన ఇతరులకు జరిగే నష్టానికి ముందుగా కట్టుకునే బీమా. కట్టి తీరాలన్న చట్టం లేదు, ఖర్చూ తక్కువే, చాలామంది కట్టుకుంటారు. మమ్మల్ని పిలిచినవారు మా పేరున ముందే కట్టి ఉంచారు గనుక డబ్బు విషయంలో గండం గడిచింది. మనసులో మాత్రం గడవలేదు. నెల దాటాక ముందుగా సమయం అడిగి (అక్కడ చెప్పకుండా ఎవరింటికీ వెళ్ళరు) పూలు తీసుకుని ఆమెను చూడబోయాము. కట్టుతో ఉన్న చేతిని ఒళ్ళో పెట్టుకుని, రెండవ చేత్తో ఆమే మాకు కాఫీ పోసింది.

మీ దేశంలో అందరూ పుట్టుకతోనే ఇంత క్రమంగా తొక్కుతారా అని అడిగాము. ఆమె తల అడ్డంగా ఊపి చెప్పిన సంగతి మేము ఇంతకు ముందెన్నడూ వినలేదు. ఆమె పడుచుతనంలో ఆ దేశం కూడా కార్ల వెంట పడిందట. రోడ్లు వెడల్పు చేసి, సైకిళ్ళను పక్కకు నెట్టారు. 1971 ఒక్క సంవత్సరంలోనే రోడ్డు ప్రమాదాల్లో సుమారు 3,300 మంది చనిపోయారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. విక్ లాంగెన్‌హోఫ్ అనే పత్రికా రచయిత కూతురు కూడా అలాగే పోయింది. ఆయన 1972లో "పిల్లల హత్య ఆపండి" అనే అర్థం వచ్చే శీర్షికతో వ్యాసం రాశారు. ఆ మాటే పేరుగా తల్లిదండ్రుల ఉద్యమం లేచింది. తల్లులూ తండ్రులూ పిల్లలతో సహా రోడ్డెక్కి అడిగారు. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపినందున నవంబరు 4 నుండి కొన్ని ఆదివారాలు కార్లు బయటకు తీయకూడదని ప్రభుత్వం ఆజ్ఞ వేసింది. ఆ ఆదివారాల్లో జనం పెద్ద రహదారుల మీద సైకిళ్ళు తొక్కారు. ఆమె కూడా తన పసివాడిని ముందు కూర్చోబెట్టుకుని తొక్కిందట. క్రమేణా సైకిలు దారులు వచ్చాయి, పట్టణాల్లో కార్ల వేగం తగ్గింది. ఇప్పుడు ఆ దేశంలో ఏటా రోడ్డు మీద చనిపోయేవారు ఏడు వందల దరిదాపు. ప్రమాదాలు పూర్తిగా పోలేదు. 2022లో సైకిలు మీద పోతూ చనిపోయినవారే దాదాపు 290 మంది, వారిలో వయసు మళ్ళినవారు ఎక్కువ.

"ఈ గీతలు, ఈ త్రిభుజాలు మాకు ఊరికే రాలేదు. పిల్లలను పోగొట్టుకుని నేర్చుకున్నాము" అని ఆమె అన్నది. మేము అలంకారమనుకుని తొక్కుకుంటూ పోయినవి అవే త్రిభుజాలు.

ప్రియులారా, పరదేశంలో నియమం కనబడితే అది తెల్లవారి పట్టింపు అని కొట్టిపారేయకండి. దాని వెనుక ఎవరి బిడ్డ ఉన్నదో మనకు తెలియదు.

ఆ తరువాత మాకు గురువు దొరికింది. పక్కింటి పదకొండేళ్ళ పాప. ఆ దేశపు చిన్న బడుల్లో పిల్లలకు ట్రాఫిక్ పరీక్ష ఉంటుంది. చాలా బడుల్లో రాత పరీక్షతో పాటు రోడ్డు మీద సైకిలు తొక్కి చూపే పరీక్ష కూడా పెడతారు. ఆ పాప ఆ వసంతంలో దానికి తయారవుతోంది. తనతో పాటు మాకూ పాఠం చెప్పింది. తెల్ల త్రిభుజాలను వారు సొరచేప పళ్ళు అంటారు. ఆ పళ్ళ మొనలు మన వైపు చూస్తుంటే మనం ఆగి ఎదుటివారికి దారి ఇవ్వాలి. ఏ గుర్తూ లేని కూడలిలో కుడి నుండి వచ్చేవారికి మొదటి హక్కు. 2001 మే 1 నుండి ఈ హక్కు సైకిలుకు కూడా ఉంది. కుడి నుండి సైకిలు వస్తే కారైనా ఆగాలి. తిరిగేటప్పుడు ఆ వైపు చేయి చాచాలి. చీకట్లో ముందు తెల్ల దీపం, వెనుక ఎర్ర దీపం వెలగాలి. 2019 జూలై 1 నుండి తొక్కుతూ ఫోను చేత పట్టుకుంటే జరిమానా వచ్చింది. ఆ ఏడాది అది 95 యూరోలు, మన డబ్బులో ఏడు వేలకు పైమాటే. నలభై దాటిన పాస్టరు, వేలెడంత పిల్ల వెనుక చేయి చాస్తూ వీధుల్లో తిరుగుతుంటే చూసినవారు నవ్వే ఉంటారు. మాకు మాత్రం మణికట్టు విరిగిన ఆ పెద్దావిడే కళ్ళ ముందు ఉండేది.

ఇక రెండవ సంగతి. ఇది రాయడం మాకు మొదటిదాని కంటే కష్టం.

2004లో, మా పెళ్ళయిన కొత్తలో, మా ఇల్లాలు సైకిలు నేర్చుకుంటానంది. పేటల్లో స్త్రీల కూడికలకు తానే వెళ్ళి రావచ్చని ఆమె ఉద్దేశం. "పాస్టరమ్మ సైకిలెక్కితే ఊరు ఏమంటుంది?" అని మేము వద్దన్నాము. ఆమె మళ్ళీ అడగలేదు. అది విధేయత అని మేము సంతోషించాము. పదిహేనేళ్ళు ఆమె ఎక్కడికి వెళ్ళాలన్నా మా క్యారియరు మీదే వెళ్ళింది.

ఉట్రెక్ట్‌లో కూడా మొదట అలాగే తీసుకెళ్ళాము. వెనుక పక్కకు తిరిగి కూర్చోవడం అక్కడా మామూలే. కాని మేము పరిచర్య మీద బయటకు వెళ్తే ఆమె ఇంట్లోనే. అందరూ ఎగిరిపోతున్న గూడులో రెక్కలు రాని పిట్టలా కిటికీ దగ్గర నిలబడేది. మేము గమనించాము, చలికి బెంగ పెట్టుకుందనుకున్నాము.

2019 మే 28న పింఛన్ల విషయమై ఆ దేశమంతటా రైళ్ళు, బస్సులు సమ్మె చేశాయి. ఆ రోజు మేము సంఘపు పెద్ద కారులో వేరే పట్టణం వెళ్ళాము. మధ్యాహ్నం బడి నుండి మా ఇంటికి ఫోను వచ్చింది, అబ్బాయికి జ్వరం, వచ్చి తీసుకెళ్ళండి అని. బడి మూడున్నర కిలోమీటర్లు. బస్సు లేదు. ఎవరిని అడగాలో, ఏ భాషలో అడగాలో ఆమెకు తెలియలేదు. నడిచి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు ఏడేళ్ళ పిల్లవాడిని కొంత దూరం వీపు మీద, కొంత దూరం భుజం మీద మోసుకొచ్చింది. పక్కనే ఎర్రని దారి మీద ఆమె వయసు ఆడవారు పిల్లలను ముందొకరిని వెనుకొకరిని కూర్చోబెట్టుకుని చల్లగా సాగిపోతున్నారు.

రాత్రి మేము వచ్చేసరికి పిల్లవాడు నిద్రపోతున్నాడు. ఆమె కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. "ఏమండీ, పదిహేనేళ్ళ కిందట అడిగితే మీరు వద్దన్నారు. ఇప్పుడు అడగట్లేదు. నేర్చుకుంటాను" అంది. మాకు జవాబు లేదు. ఊరు ఏమంటుందో అని ఆనాడు భయపడ్డాము. ఆ ఊరు ఆ రోజు ఆమెకు తోడు రాలేదు కదా.

అక్కడ పేటల్లోని సామాజిక కేంద్రాల్లో పరదేశి స్త్రీలకు సైకిలు నేర్పుతారు. నేర్పేవారు జీతం తీసుకోని ఆడవారు. మా ఇల్లాలు చేరిన తరగతిలో మొరాకో, టర్కీ, సిరియా దేశాల స్త్రీలున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు, పడితే లేపడానికి భాష అక్కరలేదు. మొదట సీటు బాగా దించి, పెడలు తొక్కకుండా, కాళ్ళతో నేలను నెట్టుకుంటూ నిలదొక్కుకోవడం నేర్పుతారు. ఆ తరువాతే పెడలు. అక్కడి సైకిళ్ళకు గొలుసు మీద డబ్బా, చాలావాటికి వెనుక చక్రానికి ఇరువైపులా మూత ఉంటాయి గనుక పంజాబీ డ్రస్సు చున్నీ చిక్కుకునే భయం తక్కువ. మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయాయి. ఒకసారి పొదలోకి వెళ్ళింది. మేము సాయం వస్తామంటే వద్దంది. పక్కింటి పాప మాత్రం వెంట ఉండేది.

సెప్టెంబరు చివర ఒక ఉదయం ఆమె పిల్లవాడిని తీసుకుని సైకిలు మీద బడికి బయలుదేరింది. వాడు తన చిన్న సైకిలు మీద, ఆమె తన సైకిలు మీద. మేము గుమ్మంలో నిలబడ్డాము. ఆ రోజు కిటికీ దగ్గర ఉన్నది మేము.

మా ఇంటికీ ఊరి నడుమకూ మధ్య ఆమ్‌స్టర్‌డామ్-రైన్ కాలువ అడ్డం. దాని మీద 2017లో కట్టిన వంతెన నడిచేవారికీ సైకిళ్ళకూ మాత్రమే. ఆ దేశపు పరుగుల రాణి డాఫ్నే స్కిప్పర్స్ పేరు పెట్టారు. వంతెన ఎక్కే దారి ఒక బడి కప్పు మీదుగా వెళ్తుంది, కింద పిల్లలు చదువుకుంటుంటారు. ఆ దేశపు చట్టం ఇద్దరు పక్కపక్కన తొక్కడానికి ఒప్పుకుంటుంది. అక్టోబరులో మేమిద్దరం ఆ వంతెన మీద పక్కపక్కన తొక్కాము. ఎదురుగాలి. అక్కడ కొండలు లేవు గాని ఆ గాలే కొండ. ఆమె మాకంటే ముందు అవతలి ఒడ్డు చేరి ఆగి చూసింది. పదిహేనేళ్ళు మా వీపు తప్ప దారి చూడని మనిషి ఆమె.

ఇప్పుడు ఆ తల్లికి జవాబు చెబుతాము. అమ్మా, బస్సులు, రైళ్ళు ఉన్నాయి, బాగున్నాయి. కాని ఖర్చు ఎక్కువ, ఇంటి నుండి కాలేజీకి ప్రతి చోటా అందవు. సైకిలు రాని పిల్ల అక్కడ ప్రతి పనికీ ఒకరి మీద ఆధారపడాలి. ప్రయాణానికి ఇంకా రెండు నెలలున్నాయి. ఈ సాయంత్రమే మీ అమ్మాయికి సైకిలు నేర్పడం మొదలుపెట్టండి. మన రాష్ట్రంలో ప్రభుత్వమే బడి ఆడపిల్లలకు సైకిళ్ళు పంచిన సంవత్సరాలున్నాయి. మీ వీధిలో ఒకటి తుప్పు పట్టి ఉండకపోదు. నూనె వేయించండి. వీధిలోవారు నవ్వితే రెండు రోజులు నవ్వుతారు.

వెళ్ళాక సైకిలు వచ్చిందన్న ధీమాతో మా లాగా రోడ్డెక్కవద్దని చెప్పండి. మొదటి వారం ఎవరి వెనుకనైనా వెళ్ళమనండి. ఎడమ వైపు మొదట చూడమనండి, కుడి పక్కన పొమ్మనండి, సొరచేప పళ్ళ దగ్గర ఆగమనండి. పాత సైకిలు దుకాణంలో రసీదు తీసుకుని కొనమనండి. వీధిలో ఎవరైనా పది ఇరవై యూరోలకు సైకిలిస్తామంటే అది దొంగసొత్తు అయి ఉంటుంది. తెలిసి కొన్నవారిదీ అక్కడ నేరమే. తాళాలు రెండు వేయాలి. ఒకటి చక్రానికి, ఒకటి గొలుసుతో స్తంభానికి. ఇతరులకు జరిగే నష్టానికి బీమా మరువవద్దు. చలికి చేతి తొడుగులు తీసుకుపొమ్మనండి.

మేము 2019 డిసెంబరులో తిరిగి వచ్చాము. మా ఇల్లాలు ఇప్పుడు లేడీస్ సైకిలు మీద పేటలకు వెళ్తుంది. ఊరు రెండు రోజులు చెప్పుకుంది, మూడవ రోజు మానేసింది. శనివారం సాయంత్రాలు మందిరం ఆవరణలో ముగ్గురు ఆడపిల్లలకు ఆమె నేర్పుతోంది. సీటు దించి, నేలను నెట్టుకుంటూ. మేము పక్కన నిలబడి, పిలిస్తే వెళ్తాము. ఇంతవరకు పిలవలేదు.

అమ్మా, మీ అమ్మాయి అక్కడికి చేరాక మొదటిసారి సైకిలు మీద ఎక్కడికి వెళ్ళిందో మాకొక ఉత్తరం రాయమనండి. వచ్చే నెల మళ్ళీ కలుద్దాము.

మీ క్షేమము కోరే,
మీ పాస్టరు